నలుగురి బల్ల: ‘మ్యాజిక్’ కార్డుల ఆటలో బహుళ క్రీడాకారుల వ్యూహ పరిణామం (1993–2025)

వ్యాససంగ్రహం:

1993లో అమెరికాలో వెలువడిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ తొలి దశాబ్దంలో ప్రధానంగా ఇద్దరి పోటీగా ఎదిగింది. దాని వ్యూహసిద్ధాంతాలన్నీ ఆ ద్వంద్వక్రీడ నుంచే పుట్టాయి. ‘కమాండర్’ అనే నలుగురి ఆట వ్యాపించిన తర్వాత ఆ సిద్ధాంతాలు చాలామేరకు పనిచేయలేదు. ఒకరు మూల్యం చెల్లిస్తే ఫలితం అందరికీ దక్కే పరిస్థితి అక్కడ ఏర్పడటమే దీనికి ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ సమస్య ఒక్కొక్క కార్డు విలువలోను, పోటీల నిర్వహణలోను, చివరకు 2024లో ఆట పాలనావ్యవస్థలోను ఎలా వ్యక్తమైందో చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మ్యాజిక్, కమాండర్, కార్డుల ఆట, వ్యూహం, సామూహిక శ్రేయస్సు, కింగ్‌మేకర్, అలిఖిత ఒప్పందం, క్రీడాసిద్ధాంతం.

1. ఉపోద్ఘాతం:

చదరంగం నుంచి పేకాట వరకు ఆటలు మానవసంబంధాల నమూనాలుగా పరిశోధకుల దృష్టిని ఆకర్షిస్తూనే ఉన్నాయి. 1944లో జాన్ వాన్ నాయ్‌మన్, ఆస్కార్ మోర్గెన్‌స్టర్న్ తమ గ్రంథంలో ఇద్దరి ఆటకూ అంతకుమించిన వారి ఆటకూ మధ్య ఉన్న మౌలిక భేదాన్ని గణితపరంగా నిరూపించారు. ఇద్దరి ఆటలో ఒకరి లాభం మరొకరి నష్టం. మూడో వ్యక్తి ప్రవేశించగానే కూటమి, బేరం, ద్రోహం అనే అంశాలు ఆటలో భాగమవుతాయి.

ఈ భేదాన్ని గమనించడానికి ‘మ్యాజిక్’ అనువైన ఉదాహరణ. ఒకే కార్డులు, దాదాపు ఒకే నియమాలతో ఇద్దరూ ఆడవచ్చు, నలుగురూ ఆడవచ్చు. కార్డు మారదు, బల్ల చుట్టూ కూర్చున్నవారి సంఖ్య మారుతుంది. ఆ ఒక్క మార్పుతో కార్డు విలువ, ఆటగాడి నడవడి, గెలుపు స్వరూపం ఎలా మారాయన్నది ఈ వ్యాసానికి విషయం.

2. ఆట స్వరూపం – ద్వంద్వక్రీడా సిద్ధాంతం:

గణితశాస్త్రంలో డాక్టరేట్ పొందిన రిచర్డ్ గార్ఫీల్డ్ ఈ ఆటను రూపొందించాడు. పీటర్ ఆడ్కిసన్ నెలకొల్పిన ‘విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్’ సంస్థ 1993 ఆగస్టులో దీనిని విడుదల చేసింది. తొలి సంపుటిలో 295 రకాల కార్డులున్నాయి. పేకాటలో అందరూ ఒకే కట్టలోని ముక్కలను పంచుకుంటారు. ఇక్కడ ఎవరి కట్ట వారిది. కొని, మార్పిడి చేసుకుని సేకరించిన కార్డుల నుంచి ఆటగాడు తన కట్టను ముందుగానే కూర్చుకుంటాడు. కాబట్టి వ్యూహం బల్ల దగ్గర కాక ఇంటివద్దే మొదలవుతుంది.

ఆటగాళ్లు మాంత్రికులు. భూమికార్డుల నుంచి ‘మనా’ అనే శక్తిని పొంది, దానితో జీవులను రప్పిస్తారు, మంత్రాలు ప్రయోగిస్తారు. ఇద్దరి ఆటలో ఒక్కొక్కరు 20 ప్రాణాంకాలతో మొదలుపెడతారు. ఎదుటివారి ప్రాణాంకాలను సున్నాకు తేవడం గెలుపుకు ప్రధాన మార్గం.

1994లో తొలి ప్రపంచ పోటీ, 1996లో వృత్తిపరమైన ‘ప్రో టూర్’ మొదలయ్యాయి. బహుమతి సొమ్ముతోపాటు వ్యూహచర్చ కూడా పెరిగింది. ఆ చర్చలో రెండు భావనలు స్థిరపడ్డాయి. మొదటిది కార్డుల ఆధిక్యం. 1990ల మధ్యకాలంలో బ్రయన్ వైస్‌మన్ పేరుతో ప్రసిద్ధమైన ‘ది డెక్’ అనే కట్ట దీనికి ఆదర్శం. తన ఒక్క కార్డుతో ఎదుటివాడి రెండు కార్డులను నిరర్థకం చేయగలవాడు దీర్ఘకాలంలో నెగ్గుతాడన్నది దాని సారం. రెండవది పాత్రల నిర్ణయం. 1999లో మైకేల్ ఫ్లోరెస్ రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రకారం, ప్రతి ఆటలోనూ ఒకరు దాడి చేసేవారు, మరొకరు నిలువరించేవారు. తన పాత్రను తప్పుగా గుర్తించినవాడు ఓడిపోతాడు.

ఈ రెండు భావనలకూ ఒకే పునాది ఉంది. ఎదుట ఉన్నది ఒక్కడే. వాడికి కలిగిన నష్టమంతా తన లాభమే. ఈ పునాదిని ఆనాడు ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోలేదు. చెప్పవలసిన అవసరం కలగలేదు.

3. అలాస్కా నుంచి ‘కమాండర్’ వరకు:

నలుగురైదుగురు కలిసి ఆడే అలవాటు ఆట తొలినాళ్ల నుంచీ స్నేహబృందాలలో ఉండేది. దానికి నిలకడైన రూపం అమెరికా ఉత్తర కొసన ఉన్న అలాస్కాలో ఏర్పడింది. 1994లో వెలువడిన ‘లెజెండ్స్’ సంపుటిలో ‘ఎల్డర్ డ్రాగన్’ అనే ఐదు మహాసర్పాలున్నాయి. 1990ల ద్వితీయార్ధంలో ఆడమ్ స్టేలీ బృందం ఒక్కొక్కరికి ఒక్కొక్క సర్పాన్ని నాయకుడిగా ఎంచుకుని ఆడే పద్ధతిని ప్రారంభించింది. అందుకే ఆ ఆటకు ‘ఎల్డర్ డ్రాగన్ హైలాండర్’ అని పేరు వచ్చింది. ఒకే నాయకుడి చేతిలో 21 అంకాల యుద్ధనష్టం పొందినవాడు ఓడిపోవాలన్న నియమం నేటికీ ఉంది. ఆ ఐదు సర్పాలలో ప్రతిదాని బలం 7. మూడు దెబ్బలకు 21 అవుతుంది.

అమెరికా వైమానిక దళంలో పనిచేసిన షెల్డన్ మెనరీ అలాస్కాలో ఈ ఆటను చూశాడు. ఆయన పోటీల న్యాయనిర్ణేత కూడా. పెద్ద పోటీలలో పగలంతా ఇద్దరి ఆటలకు తీర్పులు చెప్పిన న్యాయనిర్ణేతలు రాత్రివేళ విశ్రాంతిగా ఈ ఆట ఆడేవారు. తిరిగి వెళ్లేటప్పుడు దానిని తమ ఊళ్లకు తీసుకుపోయేవారు. కఠినమైన పోటీని అనుదినం చూసే వారే పోటీతత్వం తక్కువైన ఆటకు ప్రచారకులు కావడం గమనార్హం. మెనరీ, ఆయన సహచరులు స్వచ్ఛందంగా ఒక నియమసంఘంగా ఏర్పడి, నిషిద్ధ కార్డుల పట్టికను నిర్వహించారు. ప్రచురణసంస్థ 2011లో ‘కమాండర్’ పేరుతో ఐదు సిద్ధపు కట్టలను విడుదల చేసింది. ఆ తర్వాత కూడా నియమాల అధికారం ఆ సంఘం చేతిలోనే ఉండిపోయింది.

నియమాలు క్లుప్తంగా ఇవి: కట్టలో సరిగ్గా 100 కార్డులు, సాధారణ భూమికార్డులు తప్ప ఏ కార్డూ రెండోది ఉండరాదు, ఒక నాయకుడు, ఒక్కొక్కరికి 40 ప్రాణాంకాలు, సాధారణంగా నలుగురు ఆటగాళ్లు. వీటన్నిటికీ మించినది రాయని నియమం. ఎంత బలమైన కట్టతో రావాలో, ఏది సభ్యతగల ఆటో, ఆట మొదలుపెట్టేముందు నలుగురూ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. పట్టిక కేవలం సూచన. ఒప్పందమే ప్రధానం అన్నది నియమసంఘం దృక్పథం.

4. మారిన లెక్కలు:

నలుగురి బల్లపై పాత సిద్ధాంతాలు తడబడ్డాయి. ‘లైట్నింగ్ బోల్ట్’ తొలి సంపుటి నుంచీ ఉన్న కార్డు. అది 3 ప్రాణాంకాలను తీసివేస్తుంది. ఇద్దరి ఆటలో ఎదుటివాడి 20లో 3 పోతే గెలుపులో 15 శాతం పని పూర్తయినట్టే. నలుగురి ఆటలో ముగ్గురు ప్రత్యర్థులకు కలిపి 120 ప్రాణాంకాలున్నాయి. అదే కార్డు చేసే పని అక్కడ 2.5 శాతం మాత్రమే.

కార్డుల ఆధిక్యం లెక్క కూడా ఇలాగే తారుమారైంది. నలుగురి చేతిలో తలా ఏడు కార్డులున్నాయనుకుంటే, ఒకడు తన కార్డుతో మరొకడి కార్డును నాశనం చేసినప్పుడు మిగిలేవి ఆరు, ఆరు, ఏడు, ఏడు. ఇద్దరి ఆటలో సమానమైన మార్పిడి నలుగురి ఆటలో ఇద్దరికీ నష్టం. ఊరక కూర్చున్న మిగిలిన ఇద్దరికీ లాభం. దాడి సంగతీ అంతే. ఒకరిపైకి జీవులను పంపినవాడు మిగిలిన ఇద్దరి ముందు రక్షణ లేకుండా నిలబడతాడు.

క్రీడాసిద్ధాంతంలో ‘ట్రూయెల్’ అనే ముగ్గురి తుపాకీ పోరు దీనికి సమీపమైన నమూనా. బలవంతులిద్దరూ ఒకరినొకరు లక్ష్యం చేసుకోవడం వల్ల గురి తక్కువైనవాడికే బ్రతికే అవకాశం ఎక్కువ కావచ్చునని, కొన్ని సందర్భాలలో వాడు గాలిలోకి కాల్చడమే ఉత్తమమని ఆ నమూనా చూపుతుంది. భారతీయ పాఠకుడికి ఇది కొత్త ఆలోచన కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజమండలాన్ని వివరిస్తూ చెప్పిన ఆరు గుణాలలో సంధి, విగ్రహాలతోపాటు కదలకుండా వేచి ఉండే ‘ఆసనం’, ఒకరితో సంధి చేసుకుని మరొకరితో పోరే ‘ద్వైధీభావం’ కూడా ఉన్నాయి. ఈ ఆట అర్థశాస్త్రానికి ఋణపడిందని కాదు. ముగ్గురికి మించిన పోటీలో సమస్య ఎక్కడైనా ఒకటేనని మాత్రమే ఈ పోలిక తెలుపుతుంది.

5. ఒకరి మూల్యం – అందరి ఫలితం:

ఈ మార్పులన్నిటి వెనుక ఉన్న సూత్రం ‘రిస్టిక్ స్టడీ’ అనే కార్డులో స్పష్టంగా కనిపిస్తుంది. 2000లో ‘ప్రాఫెసీ’ సంపుటిలో సాధారణ శ్రేణిలో వెలువడిన కార్డు ఇది. ప్రత్యర్థి మంత్రం ప్రయోగించినప్పుడల్లా ఒక మనా అదనంగా చెల్లించాలి. చెల్లించకపోతే కార్డు యజమాని ఒక కార్డు తీసుకోవచ్చు. ఇద్దరి ఆటలో దీనిని ఎదుర్కోవడం సులభం. చెల్లించేవాడూ, దానివల్ల మేలు పొందేవాడూ ఒక్కడే కాబట్టి లెక్క తేలికగా తేలుతుంది.

నలుగురి ఆటలో చెల్లించవలసినవారు ముగ్గురు. ఒకడు చెల్లిస్తే యజమానికి కార్డు దక్కదు. ఆ మేలు ముగ్గురికీ అందుతుంది. చెల్లించిన మనా మాత్రం ఒక్కడిదే. అతడి ఆట వెనుకబడుతుంది. చెల్లించనివాడి ఆట ముందుకు సాగుతుంది. అందువల్ల ప్రతివాడూ ఈ ఒక్కసారికి వదిలేద్దామనుకుంటాడు. యజమాని చేయి నిండుతుంది. ముగ్గురూ తెలిసి తెలిసి ఓడిపోతారు. ఒకప్పుడు ఎవరూ పెద్దగా లెక్కచేయని ఈ కార్డు నలుగురి ఆటలో అత్యంత ప్రబలమైన వాటిలో ఒకటిగా మారడానికి కారణం ఇదే.

1965లో ఆర్థికవేత్త మాన్‌కర్ ఓల్సన్ సామూహిక చర్య గురించి రాసిన గ్రంథంలో విశ్లేషించిన సమస్య ఇదే. ఫలితం అందరిదై, ఖర్చు ఒక్కరిదైనప్పుడు, ఖర్చు తప్పించుకుని ఫలితం పొందాలని ప్రతి ఒక్కరూ చూస్తారు. ఊరి చెరువు పూడిక తీయడం ఎవరి పని అన్న ప్రశ్న ఎలాంటిదో, ఈ బల్లపై ప్రమాదకరమైన కార్డును తొలగించడం ఎవరి పని అన్న ప్రశ్న అలాంటిదే. నలుగురి ఆటలో వ్యూహమంటే ప్రధానంగా ఈ భారాన్ని పక్కవారిపైకి నెట్టగల నేర్పు. మాట ఇక్కడ ఆయుధం అవుతుంది. అతని బల్ల చూడు, నాది కాదు, అని నమ్మించగలవాడు ఒక కార్డు కూడా ఖర్చు చేయకుండా రక్షణ పొందుతాడు.

రూపకర్తలు ఈ సమస్యను గుర్తించారు. 2016లో ‘కాన్‌స్పిరసీ: టేక్ ది క్రౌన్’ సంపుటితో వచ్చిన ‘మోనార్క్’ అనే పదవి దీనికి చక్కని పరిష్కారం. ఆ పదవిలో ఉన్నవాడికి తన ప్రతి వంతు చివర అదనంగా ఒక కార్డు లభిస్తుంది. అతడికి తన జీవులతో యుద్ధనష్టం కలిగించినవాడికి పదవి బదిలీ అవుతుంది. ఆధిక్యంలో ఉన్నవాడిని దెబ్బతీసే పని అంతవరకు అందరికీ మేలు చేసే త్యాగం. ఈ పదవి వల్ల అది దాడి చేసినవాడికే లాభమిచ్చే పనిగా మారింది. ఉపదేశం చేయలేని పనిని ప్రతిఫలం చేసింది.

6. పోటీ కమాండర్ – చివరివాడి చేతిలో తాళం:

స్నేహపూర్వకంగా ఆడాలన్న ఒప్పందాన్ని పక్కనపెట్టి, నియమాలు అనుమతించిన అత్యంత బలమైన కట్టలతో గెలుపుకోసమే ఆడే శాఖ ఒకటి క్రమంగా ఏర్పడింది. దానిని ‘పోటీ కమాండర్’ అంటారు. 120 ప్రాణాంకాలను దాడులతో హరించడం కష్టం. కాబట్టి ముగ్గురినీ ఒకేసారి ఓడించే కార్డుల జోడింపులే అక్కడ రాజ్యమేలాయి. 2020 జనవరిలో వచ్చిన ‘థాసాస్ ఓరకిల్’, 1995 నాటి ‘డెమోనిక్ కన్సల్టేషన్’ కలిస్తే మూడే మనాతో ఆట ముగించవచ్చు. కట్టలో లేని కార్డు పేరు చెప్పి మొత్తం కట్టను ఖాళీ చేసుకోవడం, కట్ట ఖాళీగా ఉన్నవాడిని గెలిపించే జీవిని అదే సమయంలో రప్పించడం ఇందులోని కిటుకు.

ఇలాంటి ప్రయత్నాన్ని ప్రతిమంత్రంతో అడ్డుకోవచ్చు. ఒకడు గెలుపు మంత్రం వేస్తే స్పందించే అవకాశం వరుసగా ఎడమవైపు వారికి వస్తుంది. అందరూ వదులుకుంటే మంత్రం ఫలిస్తుంది. మొదటివాడి చేతిలో ప్రతిమంత్రం ఉన్నా, చివరివాడి చేతిలో కూడా ఉండవచ్చునని అతడికి అనుమానం. తాను వదిలేస్తే చివరివాడు తన కార్డు ఖర్చు చేయక తప్పదు. చివరివాడి చేయి నిజంగా ఖాళీ అయితే ఆట ముగుస్తుంది. ఎవరి దగ్గర ఏముందో దాచుకోవడం ఇద్దరి ఆటలో ధర్మం. ఇక్కడ తన దగ్గర ఏమీ లేదని బహిరంగంగా చెప్పడమే కొన్నిసార్లు ఆటను కాపాడుతుంది. ఆ మాట అబద్ధం కూడా కావచ్చు.

పోటీ నిర్వాహకులకు ఇంతకంటే చిక్కైన సమస్య కింగ్‌మేకర్. తాను గెలవలేనివాడి చేతిలో, ఇతరులలో ఎవరు గెలవాలో నిర్ణయించే శక్తి మిగిలిపోతుంది. ఒకడి గెలుపును ఆపితే మరొకడు గెలుస్తాడు. ఆపినవాడికి దక్కేది ఏమీ లేదు. అప్పుడు అతడు ఆట సమానమని అందరం ఒప్పుకుంటేనే ఆపుతానని బేరం పెట్టవచ్చు. గార్ఫీల్డ్ సహరచయితగా 2012లో వెలువడిన ‘క్యారెక్టరిస్టిక్స్ ఆఫ్ గేమ్స్’ గ్రంథం బహుళ క్రీడాకారుల ఆటలలోని రాజకీయాన్ని, కింగ్‌మేకర్ సమస్యను చర్చించింది. నైపుణ్యం కంటే ఇతరుల ఇష్టాయిష్టాలు ఫలితాన్ని నిర్ణయించే చోట పోటీకి అర్థమేమిటన్న ప్రశ్న అక్కడినుంచే మొదలవుతుంది. ఇద్దరి ఆటలో ఇద్దరు కుమ్మక్కై ఆట వదులుకోవడం మోసం. నలుగురి ఆటలో ఇద్దరు కలిసి మూడోవాడిని ఆపడం ఆటలో భాగం. రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది నేటికీ వివాదాంశమే.

7. అలిఖిత ఒప్పందం చెదిరిన వేళ:

నియమసంఘం తన పట్టికను సాధారణ ఆటగాళ్ల కోసమే నిర్వహించింది. పోటీశాఖ కోరిక మేరకు 2020 ఏప్రిల్‌లో ‘ఫ్లాష్’ అనే కార్డును నిషేధించినప్పుడు దానిని అసాధారణ చర్యగానే పేర్కొన్నది. ఇంతలో ఆట విస్తరించింది. పరిచయస్థుల బల్లపై నిలబడిన మాట అపరిచితుల మధ్య నిలవడం కష్టమైంది. ప్రచురణసంస్థ నేరుగా ఈ ఆట కోసమే కార్డులు రూపొందించసాగింది. 2019లో ‘డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్’, 2020లో ‘జ్యువెల్డ్ లోటస్’ ఆ విధంగా వచ్చినవే. కార్డులు ఖరీదైన ఆస్తులుగా కూడా మారాయి. 2023 సెప్టెంబరులో మెనరీ మరణించాడు.

2024 సెప్టెంబరు 23న నియమసంఘం ఆ రెండింటితోపాటు ‘మనా క్రిప్ట్’ను, ‘నాడు’ అనే పక్షి కార్డును నిషేధించింది. ఆట తొలి వంతులలోనే ఒకడు అందనంత దూరం పోవడాన్ని అరికట్టడం ప్రధాన ఉద్దేశం. వ్యూహపరంగా ఈ వాదనలో బలముంది. ముగ్గురు కలిసి ఒకడిని నిలువరించాలంటే వారికి కొంత సమయం కావాలి. మొదటి వంతులోనే అదనపు మనా అందితే ఆ సమయం ఉండదు. కానీ వాటిని అధిక ధరకు కొన్నవారి సొమ్ము ఆ ఒక్క ప్రకటనతో కరిగిపోయింది. ముందస్తు సూచన లేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. ఆగ్రహం అక్కడితో ఆగలేదు. సంఘసభ్యులకు బెదిరింపులు వచ్చాయి. వారం తిరిగేసరికి, సెప్టెంబరు 30న, ఆట నిర్వహణను ప్రచురణసంస్థకు అప్పగిస్తున్నట్టు ప్రకటన వెలువడింది. స్వచ్ఛంద పాలన ముగిసింది.

2025 ఫిబ్రవరిలో సంస్థ కట్టల బలాన్ని ఐదు శ్రేణులుగా విభజించే పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టింది. ఐదవ శ్రేణి పోటీ కమాండర్. ఆట గతిని మార్చే కార్డులకు వేరొక పట్టిక ఏర్పడింది. ‘రిస్టిక్ స్టడీ’, ‘థాసాస్ ఓరకిల్’ అందులో చేరాయి. మూడవ శ్రేణి కట్టలో అటువంటి కార్డులు మూడుకు మించరాదు. మాటతో తేల్చుకోవలసిన విషయాలు కొంతవరకు అంకెలలోకి వచ్చాయి. అయితే శ్రేణిని ప్రకటించేది ఆటగాడే. నమ్మకం అవసరం తగ్గింది గాని తొలగిపోలేదు.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

● కార్డుల ఆధిక్యం, పాత్రల నిర్ణయం అనే ద్వంద్వక్రీడా సిద్ధాంతాలు ఒకరి నష్టం మరొకరి లాభమన్న పునాదిపై నిలిచాయి. నలుగురి ఆటలో ఆ పునాది లేదు.

● ఖర్చు ఒకరిది, ఫలితం అందరిది అయిన పరిస్థితే నలుగురి ఆట వ్యూహానికి కేంద్రం. ‘రిస్టిక్ స్టడీ’ బలానికి, ప్రతిమంత్రపు తటపటాయింపుకు, కింగ్‌మేకర్ బేరానికి మూలం ఇదే.

● ఈ సమస్యకు మూడు పరిష్కారాలు చరిత్రలో కనిపిస్తాయి: ఆటగాళ్ల మధ్య మాట, ‘మోనార్క్’ వంటి ప్రతిఫలం, పట్టికలు–శ్రేణుల వంటి లిఖిత నియమం. పరిచయస్థుల బల్లపై మొదటిది చాలింది. అపరిచితులు, సొమ్ము, పోటీ చేరినకొద్దీ భారం మూడవదానిపై పడింది.

● నియమసంఘం స్థితి కూడా అదే సూత్రానికి లోబడింది. ఆట సమతుల్యంగా ఉండటం అందరికీ మేలు. దానికోసం నిందను మోసింది మాత్రం కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు. బల్లపై మనా చెల్లించడానికి ఎవరూ ముందుకు రాని పరిస్థితే బల్ల వెలుపలా పునరావృతమైంది.

నలుగురి ఆటలో గెలుపు ఒక్కరిదే అయినా, ఆ ఆటను నిలబెట్టే బాధ్యత నలుగురిదీ. ఆ బాధ్యత ఎవరో ఒకరు మోస్తారులే అనుకున్నంతకాలం ఆ భారం చివరివాడి మీదే పడుతుంది. అతడు కూడా లేచిపోతే ఏం జరుగుతుందో 2024 సెప్టెంబరు చూపింది.